గుల్జార్ బేగం వంటింట్లో బంగాళాఖాతం

ఆ ఆదివారానికి లీలావతి వేసుకున్న పథకం చాలా సులువైనది. తెల్లవారుజామునే లేచి ఇంటి పక్క కళ్లంలో ఆంధ్రప్రదేశ్‌ను గీయాలి. స్నానాలు చేసి ఇద్దరూ చర్చికి వెళ్లాలి. తిరిగి వచ్చాక మొగుడు ఆ ఆంధ్రప్రదేశ్ మీద నడుస్తూ జిల్లాలన్నీ ఒప్పజెప్పాలి. ఆ తర్వాత కోడికూర.

మొగుడు నెహెమ్యా గురజాల హైస్కూల్లో లెక్కల మాస్టారు. భూగోళం చెప్పే ఆయన బాపట్లకు బదిలీ అయి వెళ్లిపోతే హెడ్మాస్టరు ఆ పాఠం కూడా తెచ్చి నెహెమ్యా నెత్తిన పెట్టాడు. సోమవారం నాడు గుంటూరు నుంచి ఇన్‌స్పెక్టరు గోపాలకృష్ణయ్యగారు వస్తున్నారు. కొత్త రాష్ట్రం గురించి చెప్పే పాఠం వింటారట. నచ్చితే నెహెమ్యా టెంపరరీ ఉద్యోగం పర్మనెంటు అవుతుంది. నచ్చకపోతే ఇంకో ఊళ్లో పని వెతుక్కోవాలి. అది దొరికేదాకా లీలావతి నరసరావుపేటలో అత్తగారింట్లో ముగ్గురు తోడికోడళ్ల మధ్య ఉండాలి.

తోడికోడళ్లు చెడ్డవాళ్లేమీ కారు. కానీ లీలావతికి ఈ గది నచ్చింది. గుల్జార్ బేగం ఇంట్లో అద్దెకు తీసుకున్న ఒక్క గది, దాని వెనక వంట వసారా. కిటికీ రెక్క తీస్తే పిట్ట కూసినట్టు చప్పుడయ్యేది. గూట్లో తన సొంత ఉప్పుజాడీ ఉండేది. దాన్ని ఎడమవైపు పెట్టాలో కుడివైపు పెట్టాలో చెప్పేవాళ్లు ఎవరూ లేరు. అందుకని ఆమె రోజుకొక వైపు పెట్టేది. గుంటూరులో బీఏ చదివిన అమ్మాయి ఉప్పుజాడీని చూసి మురిసిపోవడమేమిటని తనకే నవ్వొచ్చేది, నవ్వుకుని మళ్లీ జాడీని జరిపేది.

చిక్కల్లా నెహెమ్యాతోనే వచ్చింది. ఎంత పెద్ద లెక్కయినా నోటితోనే చేసేవాడు గాని, ఉన్న ఇరవై జిల్లాల్లో అతనికి పందొమ్మిదే వచ్చేవి. పోనీ పోయేది ఎప్పుడూ ఒకటేనా అంటే కాదు. ఒకసారి కడప పోయేది, ఇంకోసారి ఖమ్మం.

"శనివారం చెప్పారుగా ఖమ్మం, ఏమైంది ఇవాళ?" అని లీలావతి అడిగితే, "ఖమ్మం ఉందిలే. నెల్లూరు పోయినట్టుంది" అని దిగులుగా అనేవాడు.

దానికి తోడు బడిలో కొత్త పటం లేదు. గోడకున్న పటాల్లో ఒకటి మద్రాసు రాష్ట్రానిది, ఇంకొకటి ఎక్కడినుంచో తెచ్చిన హైదరాబాదు సంస్థానానిది. రెండూ రెండు కొలతలవి. పక్కపక్కన పెట్టి అతికిస్తే కృష్ణానది ఒకచోట తెగిపోయి, బెత్తెడు కిందికి దిగి, మళ్లీ ఏమీ ఎరగనట్టు బయల్దేరేది. చివరికి నవంబరులో రాష్ట్రం ఏర్పడ్డ రోజున పేపర్లో పడిన పటాన్ని లీలావతి కత్తిరించి దాచుకుంది. అది అరచేతి కంటే పెద్దది కాదు.

"నేల మీద పెద్దగా గీస్తే? మీరు జిల్లాలో నుంచి జిల్లాలోకి నడవొచ్చు. కాళ్లకి గుర్తుంటే నోటికీ గుర్తుంటుంది" అంది.

"నేల మీదా? నా పిల్లలెవరైనా చూస్తే? మాస్టారే ఇంకా నేర్చుకుంటున్నాడనుకోరూ?"

"అందుకే తెల్లారకముందు గీద్దాం."

కళ్లం పక్కింటి రైతు యల్లమందది. జొన్న నూర్పిడి అయిపోయింది, మిరపకాయలు ఇంకా రాలేదు. పేడతో అలికి నున్నగా ఉంచిన నేల. ఆ చీకట్లో వెళ్లి అతన్ని లేపి అడగడం బాగుండదు, తర్వాత చెప్పొచ్చులే అనుకుంది లీలావతి. కొత్త కాపురమని గదికి వెల్ల వేయించగా మిగిలిన పిడుగురాళ్ల సున్నం ఉంది. దానితో జిల్లాల హద్దులు గీసింది. నదులకు నీలిమందు పోసింది. జిల్లాకొక కందిపుల్ల గుచ్చి, పెళ్లి రవికల్లో మిగిలిన ఎర్ర గుడ్డపీలికలు జెండాల్లాగా కట్టింది. తూర్పువైపు సముద్రం ఉండాలి. అటు గుల్జార్ బేగం వంటింటి గోడ ఉంది. అందుకని గోడ పొడుగునా మిగిలిన నీలిమందంతా చల్లి, చేతులు దులుపుకుని, దూరంగా నిలబడి చూసుకుంది.

ఎంత బాగుందో. ఈశాన్యాన శ్రీకాకుళం, దక్షిణాన చిత్తూరు, పడమర చివర అనంతపురం, వాయవ్యాన ఆదిలాబాదు. పడమటి నుంచి కృష్ణ వంకర్లు తిరుగుతూ వచ్చి బేగం వంటింటి కిందికి చేరుతోంది. గుంటూరు జెండా దగ్గర ఆమె కావాలనే ఒక పీలిక ఎక్కువ కట్టింది.

"ఏవండీ, మీ నీలం చొక్కా వేసుకోండి. తెల్లదానికి పెట్టడానికి నీలిమందు మిగల్లేదు" అంది. ఇద్దరూ చర్చికి వెళ్లారు.

వాళ్లు రెండో కీర్తన పాడే వేళకి యల్లమంద గేదెను తోలుకుని కళ్లంలోకి వచ్చాడు. సున్నం గీతలు చూశాడు. ఎర్ర జెండాలు చూశాడు. గేదెను అక్కడే వదిలేసి, వీధి చివర సైకిళ్లు బాగుచేసే అలీ సాహెబ్ దగ్గరికి పరుగెత్తాడు.

యల్లమందది తప్పనలేము. నందికొండ దగ్గర కృష్ణకు ఆనకట్ట కడుతున్నారు. కాలవలకు సర్వే చేసేవాళ్లు మాచర్ల వైపు నుంచి ఒక్కో ఊరే దాటుకుంటూ వస్తున్నారు. వాళ్లు వచ్చిన చోటల్లా నేల మీద సున్నం గీతలు, పుల్లలకు ఎర్ర గుడ్డలు. పల్నాట్లో ఆ రోజుల్లో నేల మీద సున్నం పడితే దాని అర్థం ఒకటే. కాలవ వస్తోంది.

అలీ సాహెబ్ మాచర్లలో సర్వేవాళ్ల సైకిల్ ట్యూబులకు అతుకులు వేసినవాడు. కాబట్టి సర్వే గురించి తెలిసినవాడు. కళ్లం చుట్టూ ఒకసారి తిరిగి, గడ్డం నిమురుకున్నాడు.

"తెల్లవి కట్టలు. నీలంది నీళ్లు. ఎర్ర జెండాలు తూములు."

"ఇన్ని తూములా? నా కళ్లంలోనా?" అన్నాడు యల్లమంద.

"పెద్ద కాలవ. ఇదిగో, ఇంకో కాలవ పైనుంచి వస్తంది." అది గోదావరి. "రెండు కాలవలు పోతన్నాయి యల్లమందా నీ కళ్లంలోంచి. ఎక్కడికి పోతన్నాయో చూద్దాం పద."

పైది కొంచెం ఎడంగా పోయింది గాని, కృష్ణ పక్కాగా వంటింటి గోడ దాకా వెళ్లి ఆగింది. ఆ గోడ పొడుగునా నేలంతా నీలంగా ఉంది.

అలీ సాహెబ్ టోపీ తీసి మళ్లీ పెట్టుకున్నాడు. "ఇక్కడ చెరువు తవ్వుతారు" అన్నాడు మెల్లగా.

గుల్జార్ బేగం పెద్దగా ఏడవలేదు. మొగుడు పోయాక ఇటుక ఇటుక పేర్చి కట్టుకున్న ఇల్లది. ఒక్కసారి గోడ మీద చెయ్యి వేసి నిలబడి, తర్వాత కొంగు నడుముకు దోపి సామాన్లు బయటికి చేర్చడం మొదలుపెట్టింది. దారిన పోయే ప్రతివాడి చేతిలోనూ ఏదో ఒకటి పెట్టింది. పెద్ద మంచాన్ని ఒక్కతే మొయ్యలేక చూస్తుంటే, బస్సు దిగి వస్తున్న పెద్దమనిషి ఒకాయన, గొడుగు చంకన పెట్టుకుని ఏదో అడగబోయాడు.

"అడగటం తర్వాతయ్యా, ముందు ఆ కాళ్లవైపు పట్టుకో" అంది బేగం. ఆయన పట్టుకున్నాడు.

ఈలోపల కబురు ఊరంతా పాకింది. ఇళ్లు పోయేవాళ్లు కొందరే. నీళ్లు కావలసినవాళ్లు చానామంది. "మా చేలవైపు ఒక్క తూమూ లేదేంది?" అని ఒకడు చిత్తూరు పీకి తన దిక్కున గుచ్చాడు. ఇంకొకడు విశాఖపట్నం పట్టుకుని ఏకంగా తన చేలోకి వెళ్లిపోయాడు. యల్లమంద ఇంట్లోంచి తన నీలిమందు డబ్బా తెచ్చి, ఎవరూ చూడకుండా కృష్ణను కర్నూలు దగ్గర పట్టుకుని, తన మిరపచేను వైపు ఒంపాడు.

చర్చి నుంచి వస్తూ నెహెమ్యా వేళ్లు మడిచి జిల్లాలు లెక్కపెట్టుకుంటున్నాడు. లీలావతి వింటూ కోడికూరలోకి ధనియాలున్నాయో లేవో గుర్తు చేసుకుంటోంది. మలుపు తిరగ్గానే ఇద్దరూ ఆగిపోయారు.

వీధిలో మంచాలు, ట్రంకు పెట్టెలు, ఇత్తడి బిందెలు. ఆ సామాన్ల మధ్య ఒక స్టూలు మీద లీలావతి ఉప్పుజాడీ.

"ఏంది పిన్నీ ఇది?" అంది లీలావతి, తనకు తెలియకుండానే ఊరి యాస వచ్చేసింది.

"ఇల్లు పోతంది బిడ్డా. కాలవొస్తంది. మీ సామాను కూడా జాగర్తగానే దింపించానులే. ఇంకో గది చూసుకోండి. లేకపోతే నువ్వు అత్తగారింటికి పో, కొన్నాళ్లు."

లీలావతి కళ్లంవైపు చూసింది. చిత్తూరు ఉండాల్సిన చోట లేదు. కృష్ణ ఎటో పోతోంది. గోదావరి మీద గేదె పడుకుని నెమరు వేస్తోంది. ఒక్క క్షణంలో అంతా అర్థమై ఆమెకు ముందు నవ్వు, ఆ వెంటనే భయం వచ్చాయి.

"పిన్నీ, అది కాలవ కాదు. నేను గీశాను. పొద్దున, సున్నంతో. అది మన రాష్ట్రం."

జనం ఆమెను జాలిగా చూశారు.

"ఆయమ్మ మంచిది, మనం బాధపడతన్నామని నెత్తినేసుకుంటంది" అన్నాడు అలీ సాహెబ్.

"నిజం సాహెబ్‌గారూ. మా ఆవిడే గీసింది. నా పాఠం కోసం" అన్నాడు నెహెమ్యా.

"మీరు సర్కారు జీతగాళ్లు మాస్టారూ. సర్కారు గుట్టు బయటపెడతారా? మీకు ముందే తెలిసుంటది. ఆఫీసర్లు వచ్చిపోతారు. మేం ఉండేవాళ్లం."

నెహెమ్యా బేగంను ఓదార్చాలనుకున్నాడు. నిజం చెబితే చాలుననుకునే రకం అతను. "బేగంగారూ, మీ గోడ పక్కనున్నది చెరువు కాదండీ. బంగాళాఖాతం" అన్నాడు.

బేగం బిందెను కింద పెట్టి, మెల్లగా దాని మీదే కూర్చుంది. "సముద్రమే తెస్తన్నారా" అంది.

ఆ మాట వెనకవరస దాకా వెళ్లింది. రేపు పొద్దున్నే అందరూ కలిసి తాలూకా కచేరీకి పోదామని నలుగురు అనుకుంటున్నారు. నెహెమ్యా మొహం పాలిపోయింది. కచేరీలో ఆరా తీస్తే మాస్టారు పరాయివాడి కళ్లంలో సర్వే గుర్తులు పెట్టాడని తేలుతుంది. అదీ, ఇన్‌స్పెక్టరు వచ్చే రోజున.

లీలావతి ఉప్పుజాడీని తీసి చంకన పెట్టుకుంది. దాన్ని మళ్లీ గూట్లో పెట్టాలని ఉంది ఆమెకు, అంతే. ఏ వైపైనా సరే.

"ఏవండీ, పాఠం చెప్పండి" అంది.

"ఇప్పుడా? పుల్లలే లేవు."

"పుల్లలు పీక్కుపోతారు. మనుషుల్ని పీక్కుపోలేరుగా. వీళ్లనే నిలబెట్టండి."

నెహెమ్యా చొక్కా చేతులు పైకి మడిచి కళ్లంలో దిగాడు. "అయ్యా, ఒక్క గంట నా మాట వినండి. అప్పటికీ ఇది కాలవే అనిపిస్తే నేనే మీ ముందు నడిచి కచేరీకి వస్తాను." ఆ మాటకు జనం సర్దుకున్నారు.

అలీ సాహెబ్‌ను తీసుకెళ్లి హైదరాబాదులో నిలబెట్టాడు. "రాజధానండీ ఇది, కదలకూడదు" అన్నాడు. అలీ సాహెబ్ వెంటనే టోపీ సర్దుకున్నాడు. యల్లమంద గుంటూరు. బేగం బందరు దగ్గర తన ట్రంకు పెట్టె మీద కూర్చుని, లేవనంది. కూర్చునే కృష్ణాజిల్లా అయింది. పాలమ్మే ఆమె శ్రీకాకుళం. చిత్తూరు పీకినవాణ్ణి నెహెమ్యా చెయ్యి పట్టుకుని చిత్తూరులోనే నిలబెట్టాడు. ఒక్కొక్కరిని నిలబెడుతూ, అక్కడ ఏం పండుతుందో, అవతల ఏముందో చెబుతూ పోయాడు. విశాఖపట్నం జెండా ఏదని నెహెమ్యా కేకెయ్యగానే జెండా ఎత్తుకుపోయినవాడు చేలోంచి తిరిగొచ్చి దాన్ని పట్టుకుని నిలబడ్డాడు. అనంతపురంవాడు "మాకు వానలెట్టుంటాయి?" అంటే "తక్కువ" అన్నాడు. "ఇక్కడా తక్కువేగా, నన్ను ఇంకో చోట పెట్టు" అని వాడు గునిశాడు.

"సాహెబ్‌గారూ, నల్లగొండలో ఉన్నాయన్ని చూడండి" అన్నాడు నెహెమ్యా. "మనకీ నల్లగొండకీ మధ్య కృష్ణ ఒక్కటే. మొన్న నవంబరు దాకా అవతలి ఒడ్డు పరాయి రాష్ట్రం. ఇప్పుడు రెండొడ్లూ మనవే."

"మా చెల్లెలు సాబిరా దేవరకొండలో ఉంది" అన్నాడు అలీ సాహెబ్, రాజధానిలోంచి. "అంటే అది కాలు కదపకుండానే మన రాష్ట్రంలోకొచ్చిందన్నమాట. దాని మొగుడు కూడా."

"ఆయనా వచ్చినట్టేనండీ."

"అది తప్పదుగా" అన్నాడు అలీ సాహెబ్.

జనం నవ్వారు. బేగం కూడా కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. లీలావతికి ప్రాణం లేచొచ్చింది. మొగుడు చేతులు ఊపుతూ, అటూ ఇటూ నడుస్తూ, పుస్తకం చూడకుండా చెబుతున్నాడు. నల్లబల్ల ముందు ఎన్నడూ ఇంత బాగా చెప్పి ఉండడు.

చివరికి నెహెమ్యా వెనక్కి అడుగేసి అందరినీ ఒకసారి చూశాడు. ఎప్పటిలాగే పందొమ్మిదయ్యాయి. కానీ ఈసారి వెతుక్కోవలసిన పని లేకపోయింది. హైదరాబాదుకీ నిజామాబాదుకీ మధ్య ఖాళీ నేల కనిపిస్తూనే ఉంది.

"మెదకు" అన్నాడు, తప్పిపోయిన చుట్టం ఎదురుపడినంత సంతోషంగా. "మెదకులో ఎవరూ లేరు."

"నేను నిలబడతాను" అని వెనకనుంచి బస్సు దిగిన పెద్దమనిషి ముందుకు వచ్చాడు. చేతిలో ఇంకా బేగం రాగి గంగాళం ఉంది. అది ఎక్కడ పెట్టాలో ఆయనకు ఎవరూ చెప్పలేదు.

"రండి బాబాయ్‌గారూ. కొంచెం ఇటు. ఇంకా ఇటు. మీరు హైదరాబాదు కాలు తొక్కుతున్నారు" అని నెహెమ్యా ఆయన భుజం పట్టుకుని మెదకులో సరిగ్గా నిలబెట్టాడు.

ఇరవై జిల్లాలూ నిండాయి. తామంతా కలిసి ఏదో ఒక్కటే అయినట్టు జనం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

యల్లమందే ముందు అడిగాడు. "అయితే మాస్టారూ, ఇది కాలవ కాదా?"

"కాదు యల్లమందా."

"నిజంగానే కాదా?"

"నిజంగానే కాదు."

ఊరట పడతారనుకుంది లీలావతి. బేగం పడింది, కళ్లు తుడుచుకుంది. మిగిలినవాళ్ల మొహాలు మాత్రం వాడిపోయాయి. పొద్దుటినుంచి కళ్లం పోతోందని అందరికంటే గట్టిగా అరిచిన యల్లమంద మొహం అందరికంటే ఎక్కువ వాడిపోయింది. ఆ ఏడు అతని చేలో మిరప సగం ఎండిపోయిందని లీలావతికి అప్పుడు గుర్తొచ్చింది.

నెహెమ్యా గుంటూరుకీ నల్లగొండకీ మధ్య మోకాళ్ల మీద కూర్చుని నీలం గీత మీద వేలు పెట్టాడు. "ఇదిగో, నందికొండ. ఆనకట్ట ఇక్కడ కడుతున్నారు. కుడికాలవ ఇక్కడినుంచి బయల్దేరి మన పల్నాట్లోకే వస్తుంది. కట్టడం పూర్తవ్వాలి. టైము పడుతుంది. కానీ వస్తుంది."

"మన గురజాల ఎక్కడ?"

నెహెమ్యా ఒక జొన్నగింజ ఏరి పెట్టాడు. గుంటూరు జిల్లా వంగి చూసింది. కృష్ణాజిల్లా ట్రంకు పెట్టె దిగి వచ్చి చూసింది.

"కాలవకి దగ్గరేనే" అన్నాడు యల్లమంద.

"దగ్గరే."

అప్పుడు మెదకు జిల్లా గొంతు సవరించుకుంది. "మాస్టారూ, ఒక ప్రశ్న. ఇందులో రాయలసీమ జిల్లాలెన్ని?"

"నాలుగండీ. కర్నూలు, కడప, అనంతపురం, చిత్తూరు."

"బాగు. శ్రీకాకుళం కనిపించదేం?"

"గేదెకి కుడితి పెట్టొస్తానని వెళ్లిందండీ" అంది లీలావతి.

పెద్దమనిషి నవ్వాడు. గంగాళాన్ని నిజామాబాదుకు అందించి జేబులోంచి కళ్లజోడు తీసి పెట్టుకున్నాడు. "నా పేరు గోపాలకృష్ణయ్య. రేపటి పాఠానికి ఇవాళే దిగాను, మాస్టారి ఇల్లెక్కడని అడుగుదామనుకునేలోపల ఈవిడ మంచం అందించింది."

నెహెమ్యా ఇన్‌స్పెక్టరు భుజం పట్టుకుని జరిపిన చెయ్యి గాల్లోనే ఉండిపోయింది. బేగం మాత్రం తడుముకోలేదు. "మంచం మోయటంలో మంచి చెయ్యయ్యా నీది. లోపలికి కూడా పట్టుకుంటే సరిపోతది" అంది.

"పడతానమ్మా" అన్నాడాయన. నెహెమ్యావైపు తిరిగి, "రేపు మళ్లీ చెప్పనక్కర్లేదు. ఇరవై ఏళ్లనుంచి పాఠాలు వింటున్నాను గాని, పాఠంలో నిలబడ్డం ఇదే మొదలు. కాయితాలు గుంటూరు వెళ్లగానే పంపిస్తాను. మీరు గురజాలలోనే ఉంటారు" అన్నాడు.

లీలావతి లోపలికి వెళ్లి ఉప్పుజాడీని గూట్లో ఎడమవైపు పెట్టింది. చూసుకుని, కుడివైపుకు జరిపింది. తర్వాత బయటికి వచ్చి ఇన్‌స్పెక్టరుగారిని కోడికూరకు పిలిచింది. మంచాలు లోపలికి చేరేసరికి అలీ సాహెబ్ కూడా ఆగిపోయాడు. కోడి ఒక్కటే కాబట్టి కూరలో పులుసు ఎక్కువైంది, ఎవరూ పట్టించుకోలేదు.

సాయంత్రం లీలావతి చీపురు పట్టుకుని యల్లమంద దగ్గరికి వెళ్లింది. "అడక్కుండా గీశాను బాబాయ్, తప్పయింది. అంతా ఊడ్చేస్తాను."

యల్లమంద కళ్లంవైపు చూశాడు. చీపురువైపు చూశాడు. "ఉండనియ్యమ్మా" అన్నాడు. "వచ్చేవారం కాయలు ఆరబోసుకోవాలి. అనంతపురంలో కొన్ని, కడపలో కొన్ని పోసుకుంటా. ఆ నీలంగీత జోలికి మాత్రం పోబాక. ఏ ఆఫీసరన్నా ఈ దోవన పోతే కంట్లో పడతది."

మిరపకాయలు వచ్చాయి, ఆరాయి, గుంటూరు లారీ ఎక్కాయి. హైస్కూలు పిల్లలు వరసలుగా వచ్చి జిల్లాలు నేర్చుకుని వెళ్లారు. ఎండకీ గాలికీ సున్నం హద్దులన్నీ చెరిగిపోయాయి గాని, ఎవరు నీలిమందు పోస్తున్నారో ఏమో, కృష్ణ మాత్రం వారం వారం కొంచెం కొంచెంగా యల్లమంద చేలోకి జరుగుతూ పోయింది.